గాలిలోకి రాని కీ

ఇళ్లలో, షాపుల్లో వైఫై బిగించడం నా పని. రూటర్ పెట్టాక ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ సందేశాలను చూపించే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, ఫోన్ కనెక్ట్ అయ్యే తీరు చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం. తెరమీద నాలుగు వరుసలు పడతాయి, ఒక్కోటీ ఒక్కో సందేశం. రూటర్ అప్పటికప్పుడు పుట్టించిన ఒక సంఖ్య పంపుతుంది. ఫోన్ తన సంఖ్య పంపుతుంది. ఆ రెంటినీ పాస్‌వర్డ్ నుంచి వచ్చిన మాస్టర్ కీతో కలిపి, దేనికది విడిగా లెక్క కడుతుంది. రెండుచోట్లా ఒకే కీ వస్తుంది. లెక్క కుదిరిందన్న రుజువు మాత్రమే ఇచ్చిపుచ్చుకుంటాయి. పాస్‌వర్డ్ గానీ, ఆ కీ గానీ గాలిలోకి రానే రావు. ఎన్నిసార్లు చూసినా నాకిది అబ్బురమే.

వైఫై సిగ్నల్ పక్కవాటాలోకీ వెళ్తుంది, వీధిలోకీ వెళ్తుంది. ఆపలేం. పట్టుకున్నవాడికి అర్థం కాకుండా చేయగలం, అంతే. 1997 నాటి వైఫై రక్షణ పద్ధతి డబ్ల్యూఈపీలోని లోపాలు 2001కల్లా బయటపడ్డాయి. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 వాడే ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌ను మాత్రం ఆచరణలో ఛేదించినవాళ్లు ఇంతవరకూ లేరు.

అందుకే దొంగ ఏఈఎస్ జోలికి పోడు, పాస్‌వర్డ్ మీద పడతాడు. ఆ నాలుగు సందేశాలనీ పట్టుకుపోయి, తన ఇంట్లో కూర్చుని ఒక్కో పాస్‌వర్డూ వేసి రుజువుతో సరిచూస్తాడు. అతని పని సాగకుండా ఉండాలనే పాస్‌వర్డ్‌ని, నెట్‌వర్క్ పేరుని కలిపి 4096 సార్లు తిప్పితే గానీ మాస్టర్ కీ రాకుండా చేశారు. మనమేమో ఆ కష్టమంతా నీళ్లపాలు చేస్తున్నాం. "నా సెల్ నంబరే పెట్టు బాబూ, గుర్తుంటుంది" అనే పెద్దవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి. అంటే మొత్తం 400 కోట్లు. మంచి గ్రాఫిక్స్ కార్డుకి ఇది కొన్ని గంటల పని. షాపు బోర్డు మీద ఉన్న నంబరే అయితే ఆ శ్రమ కూడా అక్కర్లేదు.

"ఒకదానికొకటి పొంతన లేని నాలుగు మాటలు చెప్పండి సార్" అంటాను. గోంగూర, లాంతరు, మంగళవారం, తాబేలు ఇలా. ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి కొడితే పాతిక దాటుతాయి, నోటికీ వస్తాయి. (ఈ నాలుగూ మాత్రం పెట్టకండి, పేపర్లో పడ్డాయి.)

2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఇలా సందేశాలను ఇంటికి పట్టుకుపోయి సరిచూసే దారినే మూసేసింది. ఒక్కో పాస్‌వర్డు సరిచూసుకోవాలన్నా రూటర్‌నే అడగాలి. మీ రూటర్ సెట్టింగ్స్‌లో ఆ ఆప్షన్ ఉంటే ఈ వారమే ఆన్ చేయండి. పాత ఫోన్లు కనెక్ట్ కాకపోతే, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన మోడ్ చాలా రూటర్లలో ఉంటుంది. కాకపోతే ఆ మోడ్‌లో డబ్ల్యూపీఏ2 దారి తెరిచే ఉంటుంది కనుక, పాస్‌వర్డ్ గట్టిగానే ఉండాలి.