బిగువు తెలిసిన చెయ్యి

చెయ్యి విరిగితే ఆసుపత్రికా, పుత్తూరుకా? చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఇది ఇప్పటికీ ఇంట్లో నలుగురూ కూర్చుని తేల్చుకునే మాటే. పుత్తూరు తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలో ఉంది. ఆ పక్కనే ఉన్న రాచపాళెంలో పుట్టిన ఎముకల వైద్యానికి పట్నం పేరే స్థిరపడి ‘పుత్తూరు కట్టు’ అయింది. 1881లో కేశవరాజు దీన్ని మొదలుపెట్టారని, తరువాత ఆయన వంశీకులు అందుకున్నారని చెబుతారు.

పని చూస్తే తేలికే అనిపిస్తుంది. వేళ్లతో తడిమి ఎముక ఎక్కడ తప్పిందో పట్టుకుంటారు. ఇప్పుడైతే వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఎక్స్‌రే ఉంటుంది. లాగి, సర్ది, విరిగిన కొసలను ఎదురెదురుగా తెస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, గుడ్డ చుట్టి, వెదురు దబ్బలు పేర్చి బిగిస్తారు. తెల్లసొన తడిగా ఉన్నంతసేపు గుడ్డ చేతి వంపుకు ఒదుగుతుంది. ఆరాక గంజి పెట్టిన పంచెలా బిరుసెక్కుతుంది. దబ్బ వంగదు, గుడ్డ జారదు.

అందరి కళ్లూ ఆకు మీదే. అసలు విద్య మాత్రం సర్దడంలో, బిగువులో ఉంది. ఎముకను అతికించేది శరీరమే. విరిగిన చోట నెత్తురు గడ్డకట్టి, అక్కడ మెత్తటి కణజాలం అల్లుకుని, అదే క్రమంగా గట్టిపడి ఎముకవుతుంది. ఆ పని సాగుతున్నన్నాళ్లూ కొసలు పక్కకు తొలగకుండా కాపు కాయడమే కట్టు చేసే మేలు.

ఈ సంగతి ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడికి బాగా తెలుసు. సుశ్రుత సంహితలో ఎముకకు ఊతంగా కట్టే చెక్కల్లో మోదుగ, మద్ది, రావి బెరడులతో పాటు వెదురూ ఉంది. చలికాలంలో ఏడు రోజులకు, సమశీతోష్ణంలో ఐదు రోజులకు, ఎండల్లో మూడు రోజులకు కట్టు మార్చమన్నాడు. వదులైతే ఎముక నిలవదని, మరీ బిగిస్తే వాపు, నొప్పి, చీము తప్పవని హెచ్చరించాడు. 1850ల ఆరంభంలో డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాతిజ్సెన్ గుడ్డకు కాల్చిన జిప్సం పొడి పట్టించి తడిపి చుట్టాడు. నేటి పిండికట్టుకు దారి వేసింది అదే. తెల్లసొన చేసే పనినే జిప్సం ఇంకా గట్టిగా చేసింది.

అలాగని ప్రతి విరుపూ కట్టుకు లొంగదు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే, తుంటి విరిగితే, కీలులోకి పగులు పాకితే ఆపరేషన్ చేసే వైద్యుడి దగ్గరికే వెళ్లాలి. వెన్నుకు దెబ్బ తగిలిందనిపిస్తే మనిషిని లాగడం, తిప్పడం కూడదు. కట్టుకు లొంగే విరుపులోనూ లోపల వాపు పెరిగే కొద్దీ బిగించిన కట్టు నెత్తుటి దారిని నొక్కేస్తుంది. ఆలస్యమైతే చెయ్యే పోవచ్చు.

అందుకే కట్టు ఎవరు కట్టినా, వెదురుదైనా పిండిదైనా, ఆ రాత్రి వేలి గోరు ఒకసారి నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. ఎర్రబడకపోయినా, వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కినా, నొప్పి అంతకంతకూ పెరుగుతున్నా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే కట్టు వదులు చేయించి ఆసుపత్రికి వెళ్లండి.