ఇరవై ఒక్క మలుపుల కొలబద్ద

ఫ్రాన్స్‌లోని ఆల్ప్ డ్యుయెజ్ ఘాట్ రోడ్డుకు ఇరవై ఒక్క హెయిర్‌పిన్ మలుపులు. టూర్ డి ఫ్రాన్స్ 1952లో తొలిసారి ఆ కొండ ఎక్కింది. ఆ రోజు గెలిచినవాడు ఫాస్టో కొప్పి. ఇంట్లో సైకిలు తొక్కేవాళ్ల కోసం తెర మీద లోకాలు కట్టే జ్విఫ్ట్ సంస్థ ఆ రోడ్డుకు నకలు తీసి, 2018లో వటోపియా అనే తన ఊహాదీవిలో ‘ఆల్ప్ డు జ్విఫ్ట్’ పేరుతో నిలబెట్టింది. 12.2 కిలోమీటర్ల దూరం, 1,036 మీటర్ల ఎక్కుడు, సగటున 8.5 శాతం వాలు.

తెర మీద కొండలు గీసినవాళ్లు చాలామందే ఉన్నారు. దీని పనితనమంతా మలుపుల దగ్గర ఉంది. కింది నుంచి 21, 20, 19 అంటూ అంకె తగ్గుతూ వస్తుంది. మలుపుకూ మలుపుకూ మధ్య పట్టిన సమయం విడివిడిగా తెర మీద పడుతుంది. గంట శ్రమకు చివర్లో ఒక్క అంకె చేతికిస్తే అందులోంచి తెలిసేది తక్కువ. ముక్కలు చేసి ఇస్తే, అడుగున నిటారు రోడ్డు మీద ఉత్సాహపడి, సగం కొండ దగ్గర చేతులెత్తేసినవాడి బండారం అక్కడికక్కడే బయటపడుతుంది. ఆరు నెలల తరవాత మళ్లీ ఎక్కినా వాలు అదే. ఎదురుగాలి లేదు, లారీలు లేవు. మారగలిగింది తొక్కేవాడే.

నిజానికి పూర్తిగా అలా కాదు. పైకి చేరాక తెర మీద ఒక లాటరీ చక్రం తిరిగి, బహుమతి ఇస్తుంది. అదృష్టం ఉంటే తేలికైన ‘లైట్‌వెయిట్’ బ్రాండు చక్రాలు దొరుకుతాయి. వాటిని తెర మీది సైకిలుకు బిగించుకుంటే అదే శ్రమకు సమయం కాస్త తగ్గుతుంది. కొలబద్ద తయారుచేసినవాళ్లే దాన్ని కొంచెం వంచే బహుమతి పెట్టారన్నమాట! అందుకే నిమిషాల కంటే, తొక్కే శక్తిని చెప్పే వాట్లను నమ్మాలి.

ఆ వాట్లు ట్రైనర్ అనే యంత్రం నుంచి వస్తాయి. సైకిలు వెనక చక్రం తీసేసి, గొలుసును నేరుగా దీనికి తగిలిస్తారు. తెర మీద వాలు పెరగ్గానే లోపలి విద్యుదయస్కాంతం పట్టు బిగిస్తుంది. మంచి ట్రైనర్లలో కొలత తేడా ఒక శాతం అటూఇటూ అని తయారీదారులు చెబుతారు. పెడల్ మీద పడే బలాన్ని కొలిచే విద్యను 1986లో జర్మనీ ఇంజనీరు ఉల్రిచ్ షోబెరర్ క్రాంక్‌లోకి ఎక్కించాడు. అప్పట్లో మేటి పోటీదారులకే అందిన ఆ కొలత ఇప్పుడు పడగ్గదిలోకి వచ్చింది.

లెక్క వేసి చూడండి. మనిషీ సైకిలూ కలిపి 75 కిలోలైతే, ఆల్ప్‌ను గంటలో ఎక్కడానికి భూమ్యాకర్షణకే సుమారు 212 వాట్లు చెల్లించాలి. గాలి, టైర్ల రాపిడి అదనం. ఇందులో బేరం లేదు.

మరి జ్విఫ్ట్‌లో ఇతరులతో రేసెందుకు? ఇరవై నిమిషాలు ప్రాణం పెట్టి తొక్కి, ఆ సగటులో 95 శాతాన్ని ఎఫ్‌టీపీగా, అంటే గంటసేపు నిలబెట్టగల శక్తికి అంచనాగా తీసుకోవడం అలవాటు. ఒంటరిగా చేసే ఆ పరీక్షలో కాళ్ల కంటే ముందు మనసు అలిసిపోతుంది. రేసులో ముందువాడి గాలిచాటు తప్పిపోతుందన్న భయం పదిహేను సెకన్ల విసురును, అయిదు నిమిషాల మొండి పట్టును వాటంతటవే బయటికి లాగుతుంది. ఎంతసేపటికి గరిష్ఠంగా ఎన్ని వాట్లు తొక్కామో చూపే పవర్ కర్వ్ అలా నిండుతుంది. ఎన్నో స్థానం వచ్చిందన్నది మాత్రం నా దృష్టిలో దాదాపు పనికిరాని సమాచారం; ఎదుటివాళ్లు వారం వారం మారిపోతుంటారు. పోయిన నెల 200 వాట్లకు నిమిషానికి 165 సార్లు కొట్టుకున్న గుండె ఈ నెల 158 దగ్గర ఆగితే, వెనకబడి ముగించినా ఒంట్లో ఏదో బాగుపడినట్టే. అయితే మే నెలలో హైదరాబాదు గదిలో ఫ్యాన్ లేకుండా తొక్కి, డిసెంబరు అంకెలతో పోల్చకూడదు. ట్రైనర్ మార్చినా పాత లెక్కలు పక్కన పెట్టాల్సిందే.

ఈ కొలబద్దకు అసలు బలహీనత బరువు. అది తొక్కేవాడు టైపు చేసేదే. నాలుగు కిలోలు తగ్గించి రాస్తే కొండ అంతమేర మెత్తబడుతుంది.

ఇక ట్రైనర్ కొలవలేనివీ ఉన్నాయి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య మొదటి ఈస్పోర్ట్స్ ప్రపంచ పోటీలు 2020 డిసెంబరు 9న వటోపియాలోనే జరిగాయి. మహిళల్లో దక్షిణాఫ్రికాకు చెందిన ఆష్లీ మూల్మన్-పాసియో, పురుషుల్లో జర్మనీకి చెందిన జేసన్ ఓస్‌బోర్న్ గెలిచారు. ఓస్‌బోర్న్ అప్పటికి పడవ పోటీల మనిషి; మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చుకున్నదీ రోయింగ్‌లోనే. ఆ తరవాత ఆల్పెసిన్ జట్టులో ప్రొఫెషనల్ సైక్లిస్టుగా చేరాడు. వంద సైకిళ్ల గుంపులో భుజం రాసుకుంటూ సాగడం, తడి దిగుడులో మలుపు తిరగడం ట్రైనర్ కొలిచేవి కావు. వాటిని అతను రోడ్డు మీదే నేర్చుకోవాల్సి వచ్చింది.