సౌదా వాళ్లకే వదిలేద్దాం

పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న హన్మకొండ ఇళ్లల్లో రోజూ వినబడే మాట ఒకటే: "నువ్వు చదువుకో, చాలు." ఎన్ఐటీ, కాకతీయ యూనివర్సిటీ ఉన్న ఊరు కదా, ఆ ఆశ సహజమే. కానీ త్రికోణమితి లెక్కలు చకచకా చేసే పిల్లకు పావుకిలో చింతపండు ఇంటికి ఎన్నాళ్లొస్తుందో తెలియదు. ఎవరూ అడగలేదు మరి.

పిల్లల్ని బజారుకు పంపేవాళ్లు కూడా చీటీ రాసిచ్చి పంపుతారు. ఏం కొనాలో, ఎంత కొనాలో మనమే తేల్చేశాక పిల్లవాడికి మిగిలేది మోత ఒక్కటే. అందుకే మా ఇంట్లో చీటీ మానేశాం. ఆదివారం పొద్దున వారానికి సరిపడా కూరగాయల డబ్బులు, సంచి వాళ్ల చేతికి. ఒక వారం అబ్బాయి, ఒక వారం అమ్మాయి. షరతల్లా ఏమిటంటే, తెచ్చినవాళ్లే ఏ పూట ఏం వండాలో చెప్పాలి. పుంటికూర, పాలకూర ముందు రెండు రోజుల్లో అయిపోవాలని, ఆలుగడ్డ చివరిదాకా ఆగుతుందని, టమాటలు సగం పండినవి, సగం దోరవి ఏరాలని నేను పాఠం చెప్పక్కర్లేదు. బుధవారానికి మెత్తబడ్డ టమాట చెబుతుంది. మనం నోరు మూసుకోవాలి, అదొక్కటే కష్టం.

2023 జులైలో టమాట కిలో వంద దాటి ఎగబాకినప్పుడు మావాడు బజారు నుంచే ఫోన్ చేశాడు. "ఈ వారం టమాటలు వద్దు డాడీ, పచ్చిపులుసు చేసుకుందాం. దాంట్ల టమాట పడదు గదా." ధర చూసి వంట మార్చుకోవడం ఇంటి పెద్దలు చేసే పని. వాడు దాన్ని మామూలుగా అనేశాడు.

మొదట్లో రైతుబజారుకే పంపడం మేలు. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ బజార్లలో ధరలు బోర్డు మీదే ఉంటాయి. టోకు ధరకు పాతిక శాతం ఎక్కువ, బయటి చిల్లర ధరకు పాతిక శాతం తక్కువ, ఇదీ అక్కడ ధర కట్టేందుకు పెట్టుకున్న లెక్క. బేరమాడటానికి సిగ్గుపడే వయసు పిల్లలకు ఆ బోర్డే అండ. ఆకుకూర కట్టలమ్మే అవ్వ దగ్గర మాత్రం బేరం వద్దని నా మాట. (మా ఆవిడ ఒప్పుకోదు. కొసరు లేకుండా ఆమె కొత్తిమీర కొన్న రోజు నాకు గుర్తు లేదు.) కాంటా సున్నా చూపించాకే కాయలు వేయనివ్వాలి. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏడాదికోసారి, ఇనుప బాట్లకు రెండేళ్లకోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలన్న సంగతీ వాళ్లకు తెలియాలి.

ప్యాకెట్ల దగ్గర నేను వాదించను, లెక్క కట్టమంటాను. పది రూపాయల చిప్స్ ప్యాకెట్ మీద 25 గ్రాములని ఉంటే కిలో 400 పడ్డట్టు. పక్కనే ఆలుగడ్డ ధర ఉంటుంది. వెనక అచ్చేసిన పదార్థాల్లో ఏది ఎక్కువ బరువుంటే అదే ముందు రాయాలన్నది నిబంధన. "పండ్ల రసం" డబ్బా మీద నీళ్లు, చక్కెర దాటాక గానీ పండు రాకపోతే మా అమ్మాయి దాన్ని అల్మారాలోనే తిరిగి పెట్టేస్తుంది. చిప్స్ మాత్రం ఇప్పటికీ కొంటారు. కొననీ.

మన దగ్గర అబ్బాయిని అంగడికి, అమ్మాయిని పొయ్యి దగ్గరికి పంపే అలవాటుంది. పైసల లెక్క ఒకరికి, ఉప్పు లెక్క ఇంకొకరికి. నాకిది చిరాకు. ఎండాకాలం ఏడాది కారానికి మిరపకాయలు కొనేటప్పుడు ఇద్దరినీ తీసుకెళ్తాను. ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో ఉంటూ తేజకూ చపాటాకూ తేడా తెలియకపోతే ఎట్లా? తేజది మంట, చపాటాది రంగు. లావుగా, ఎర్రగా ఉండే ఈ వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండూ ఏ పాళ్లలో కలపాలో ఇద్దరూ కొట్లాడుకుని తేల్చుకుంటారు. తొడిమలు తీయడం, ఎండబెట్టడం, గిర్నీలో వరుసలో నిలబడటం కూడా వాళ్ల వంతే.

చేపలు మాత్రం ఇంకా అప్పగించలేదు. మొప్పలెత్తి చూడమంటే అబ్బాయి ముఖం తిప్పుకుంటున్నాడు. అమ్మాయేమో వేలితో నొక్కి చూసి, "ఇది నిన్నటిది" అంటోంది. వచ్చే నెల నుంచి ఆ డబ్బులూ ఆమె చేతికే.