ఎర్రగుడి శాసనంలో 256: గ్రీకు సంఖ్యాలేఖనంతో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

గుత్తి సమీపంలోని ఎర్రగుడి అశోక శాసనంలో ఉన్న ఒక సంఖ్యను నేటి అంకెల్లో 256 అని ముద్రించడం వల్ల దాని అసలు నిర్మాణం మరుగున పడుతున్నది. ప్రాచీన గ్రీకు సంఖ్యాలేఖనంతో పోల్చి ఆ నిర్మాణాన్ని వివరించడం, శాసనపాఠ పరిష్కరణలో పాటించవలసిన జాగ్రత్తను సూచించడం ఈ వ్యాసం లక్ష్యం.

1. ఉపోద్ఘాతం

గుత్తి నుండి పత్తికొండకు పోయే దారిలో, జొన్నగిరి దగ్గర, ఎర్రగుడి బండలపై క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన అశోకుని బ్రాహ్మీలిపి శాసనాలు ఉన్నాయి. పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలు, లఘుశిలాశాసనాలు ఇక్కడ ఒకేచోట లభించాయి. లఘుశిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, మరికొన్ని కుడి నుండి ఎడమకు నడుస్తాయి. తొలినాటి గ్రీకు శాసనాల్లోనూ పంక్తులు ఇట్లా దిశ మార్చుకుంటాయి. చాలు చివర మళ్లే కాడెద్దును బట్టి గ్రీకులు ఈ పద్ధతికి పేరు పెట్టారు. అయితే గ్రీకుతో పోలిక లిపి నడక కన్నా సంఖ్య విషయంలో ఎక్కువ ఫలవంతం.

2. మూడు గుర్తుల సంఖ్య

గ్రీకులకు ప్రధానంగా రెండు సంఖ్యాలేఖన పద్ధతులు ఉండేవి. మొదటిది ఏథెన్సు శాసనాల్లో కనిపించేది. అందులో సంఖ్యావాచకం తొలి అక్షరమే గుర్తు: 'పెంతె' (5)కు పై, 'దెక' (10)కు డెల్టా. పై గుర్తులో చిన్న డెల్టాను చేర్చితే 50. ఈ పద్ధతిలో 256 రాయడానికి రెండు వందల గుర్తులు, ఒక యాభై, ఒక ఐదు, ఒక ఒకటి, మొత్తం ఐదు గుర్తులు కావాలి.

రెండవది అయోనియా పద్ధతి. ఇరవైనాలుగు అక్షరాలకు వాడుక తప్పిన మూడు పాత అక్షరాలను చేర్చి, తొమ్మిదింటిని ఒకట్లకు, తొమ్మిదింటిని పదులకు, తొమ్మిదింటిని వందలకు కేటాయించారు. ఇందులో 256కు మూడే గుర్తులు: 200కు సిగ్మా, 50కి న్యూ, 6కు పాత అక్షరమైన దిగమ్మ.

లఘుశిలాశాసనంలోని బ్రాహ్మీ సంఖ్య కూడా 200, 50, 6 అనే మూడు గుర్తుల కూడిక. యాభై గుర్తుకు ఐదు గుర్తుతో సంబంధం లేదు. గుర్తుల వరుస మార్చినా మొత్తం మారదు. 206 రాయాలంటే రెండు గుర్తులు చాలు; సున్న అక్కరలేదు. నేటి 256లో అంకె విలువ స్థానాన్ని బట్టి ఏర్పడుతుంది. ఇక్కడ స్థానానికి ఆ పని లేదు.

ఈ సామ్యం ఆదానానికి రుజువు కాదు. గ్రీకు గుర్తులు వర్ణక్రమాన్ని అనుసరిస్తాయి; బ్రాహ్మీ అంకెలకు అట్టి ఆధారం లేదు. నిర్మాణ సామ్యం వేరు, చారిత్రక సంబంధం వేరు.

3. సంఖ్య, ప్రమాణం

సంఖ్యను అర్థం చేసుకోవడానికి గుర్తును గుర్తించడం ఒక్కటే చాలదు. పదమూడవ శిలాశాసనంలో కళింగ యుద్ధంలో చెరపట్టి తరలించినవారి సంఖ్య చెప్పేటప్పుడు ప్రాకృతం 'ఒకటిన్నర నూరువేలు' అంటుంది. తెలుగువారి 'లక్షన్నర' ఈ లెక్కకు సన్నిహితం. అదే శాసనానికి 1963లో కాందహార్‌లో వెలుగుచూసిన గ్రీకు పాఠం 'పదిహేను మిరియాడులు' అంటుంది. మిరియాడు అంటే పదివేలు. అనువాదకుడు ప్రాకృత పదాన్ని కాక పరిమాణాన్ని అనువదించాడు. తన పాఠకులు లెక్కించే ప్రమాణాన్ని ఎంచుకున్నాడు.

లఘుశిలాశాసనంలోని 256కు ఆ స్పష్టత లేదు. సంఖ్య ఉంది, దేనిని లెక్కించారో స్పష్టంగా లేదు. బ్యూలర్ దీనిని బుద్ధనిర్వాణం తర్వాత గడచిన సంవత్సరాలుగా భావించాడు. ఇంటికి దూరంగా, పర్యటనలో గడిపిన రాత్రులుగా తరువాతి పండితులు వ్యాఖ్యానించారు. మొదటి వ్యాఖ్య నిలిస్తే బుద్ధుని కాలనిర్ణయమే దీనిపై ఆధారపడుతుంది; రెండవది నిలిస్తే ఇది ఒక రాజు ప్రయాణపు లెక్క మాత్రమే. గుర్తులను ఎంత నిర్దుష్టంగా చదివినా ఈ వివాదం తీరదు.

4. ముగింపు

శాసనపాఠంలో '256' అని మాత్రమే ముద్రిస్తే, స్థానవిలువ పద్ధతి అశోకుని నాటికే ఉన్నదన్న భ్రమ కలుగుతుంది. '200 50 6' అని విడదీసి ముద్రిస్తే బండపై ఉన్నది ఉన్నట్టు అందుతుంది. గణిత చరిత్రకు కావలసిన సాక్ష్యం ఆ ఖాళీల్లోనే ఉంది. నేటి విలువ, ప్రమాణంపై చర్చ వ్యాఖ్యానంలో ఉండవలసినవి. పాఠాన్నీ వ్యాఖ్యానాన్నీ వేరుగా ఉంచడం పరిష్కర్త ప్రథమ కర్తవ్యం.