పెద్ద పంపు తీర్చని బాధ

నాలుగైదు పరికరాలకు కలిపి ఒకే వాక్యూమ్ లైను ఉన్న ల్యాబుల్లో గేజి ముల్లు కిందికి దిగనంటే, ఇంకా పెద్ద పంపు కొందామంటారు. ముందు చూడాల్సింది లీకు, ఆ తర్వాత గొట్టం. పంపు సంగతి చివర. లోపలికి చొరబడే గాలికీ పంపు లాగే వేగానికీ తూకం కుదిరిన చోటే పీడనం ఆగిపోతుంది. సెకనుకు 10 లీటర్లు లాగే పంపుతో లైను 0.01 మిల్లీబార్ దగ్గర ఆగిందనుకుందాం. 20 లీటర్ల పంపు తెచ్చినా 0.005 దగ్గరే ఆగుతుంది. పాత పంపునే ఉంచి లీకులో పదింట తొమ్మిది వంతులు మూసేస్తే 0.001కి దిగుతుంది. అదీ పరికరం పంపు పక్కనే ఉంటే. మధ్యలో సెకనుకు 2 లీటర్లే పోనిచ్చే సన్నగొట్టం ఉంటే, పరికరం దగ్గర 10 లీటర్ల పంపు లాగేది 1.67 లీటర్లు, 20 లీటర్లది 1.82. రెట్టింపు పంపుకు దక్కిన లాభం నూటికి తొమ్మిది పాళ్లు! కొనుగోలు ఫైళ్లలో గొట్టం వ్యాసం గురించి ఒక్క ముక్క కూడా ఉండదెందుకో.

లీకా, తేమా అని తేల్చుకోవడానికి ఖరీదైన సాధనం అక్కర్లేదు. పంపు వైపు వాల్వు మూసి గేజి చూస్తే చాలు. పీడనం ఒకే తీరున ఎక్కుతూ పోతే లీకు. కొంత ఎక్కి నెమ్మదిస్తే లోపలెక్కడో నీరో సాల్వెంటో ఉన్నట్టు. ఆ ఆవిరి రోటరీ పంపులో నొక్కుడుకు ద్రవమై నూనెలో కలుస్తుంది, నూనె తెల్లగా పాలిపోతుంది. దీన్ని ఆపడానికి పంపులోకి కాస్త గాలి వదిలే గ్యాస్ బల్లాస్ట్ ఉంటుంది. దాన్ని తెరిచి పంపును కాసేపు ఊరికే నడిపే ఓపిక లేక నూనె పాడుచేసుకుంటారు.

ఎవరి పంపు వాళ్లకిస్తే గొడవే ఉండదు కదా అనవచ్చు. మాస్ స్పెక్ట్రోమీటరు విషయంలో అది నిజమే, దాన్ని ఆమ్లపు ఆవిర్లు వచ్చే లైనుకు కలపకూడదు. వడపోతకూ రోటరీ ఇవాపొరేటరుకూ తలా ఒకటి ఇస్తే మాత్రం నూనె మార్చాల్సిన చోట్లు పెరుగుతాయి, మార్చే మనిషి పెరగడు. వాడినవాళ్లంతా లాగ్‌బుక్కులో రాస్తే సరిపోదా అంటే, పదిమందిలో పాము చావదు. పొద్దున్నే అన్ని వాల్వులూ మూసి ఉన్నప్పుడు లైను ఎంతకు దిగిందో ఒకే టెక్నీషియన్ రోజూ రాయాలి. పరికరం మొరాయించకముందే ఆ అంకెల్లో తేడా తెలిసిపోతుంది. అతను సెలవు పెట్టిన రోజుకు మరొకరిని తయారుచేసుకోవడం పెద్ద పనేం కాదు.

అసలు చిక్కు అధికారం దగ్గర. కోల్డ్ ట్రాప్ లేకుండా సాల్వెంటు లాగేవాళ్లు ప్రొఫెసర్లయినా సరే, వాల్వు మూసేసే హక్కు ఆ టెక్నీషియన్‌కు ఉండాలి. ట్రాపు పెట్టినంత మాత్రాన కూడా సరిపోదు. ద్రవ నైట్రోజన్ −196 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆక్సిజన్ −183 దగ్గరే ద్రవమవుతుంది. ట్రాపును నైట్రోజన్‌లో ముంచి లైనులోంచి గాలి లాగనిస్తే అడుగున ద్రవ ఆక్సిజన్ చేరుతుంది. దానికి సాల్వెంటు తోడైతే పేలవచ్చు. అలాంటప్పుడు హోదా చూసి వెనక్కి తగ్గే టెక్నీషియన్‌ను కాపలా పెట్టి లాభం లేదు.