తల్లి కులానికి గడి లేదు

మండల్ వ్యతిరేక ఆందోళన గురించి రాసినప్పుడల్లా మనం ఒక ప్లకార్డు దగ్గర ఆగుతాం. 1990లో వెనుకబడిన కులాలకు కేంద్ర ఉద్యోగాల్లో 27 శాతం ప్రకటించగానే, తమకు నిరుద్యోగ భర్తలు వద్దంటూ కొందరు కాలేజీ అమ్మాయిలు రోడ్డెక్కారు. ఉమా చక్రవర్తి 'జెండరింగ్ కాస్ట్' (2003) మొదలయ్యేదే అక్కడ్నుంచి. ఆ అమ్మాయిలు తమ ఉద్యోగం పోతుందని అనలేదు, కాబోయే భర్త ఉద్యోగం పోతుందన్నారు. సరే, ఆ ఉద్యోగం గాల్లో కలిసిపోదు కదా, ఇంకో కులం అబ్బాయికి వస్తుంది. అతన్ని చేసుకోవచ్చు. ఆ సంగతి వాళ్ల ఊహలోకే రాలేదు.

ఇదంతా మనం క్లాసుల్లో చెప్తున్న పాఠమే. నాకు కొరతగా కనిపించేది దాని తర్వాతి అడుగు. కులం దాటి పెళ్లి జరిగితే, ఆ బిడ్డ యూనివర్సిటీ దరఖాస్తులో ఏ గడి నింపాలి?

మా దమ్మాయిగూడలో ఒకామె ఇళ్లలో పనిచేసి కూతుర్ని ఇంటర్ దాకా చదివించింది. ఆమె దళితురాలు, భర్త వేరే కులం. అతను ఇల్లొదిలి పదేళ్లయింది. డిగ్రీలో చేర్చడానికి కులం సర్టిఫికెట్ కావాలని వెళితే తండ్రి కాగితాలు తెమ్మన్నారట. "పేరుకే నాయన గానీ, ఆయన తెచ్చిన బియ్యంగింజ మా ఇంట్ల పొయ్యి ఎక్కలె మేడం" అంది నాతో.

చట్టం ఆమెకు పూర్తిగా తలుపు మూయలేదు. రమేష్‌భాయి నాయికా కేసులో (2012) సుప్రీంకోర్టు, బిడ్డది తండ్రి కులమేనని ముందుగా అనుకోవచ్చు గానీ అదే తుదిమాట కాదంది. తల్లి పెంపకంలో, ఆమె కులానికి జరిగే అవమానాల్లోనే పెరిగానని బిడ్డ రుజువు చూపించుకోవచ్చు. మంచి తీర్పే. కానీ చూడండి, తండ్రి కులానికి పుట్టుక చాలు, తల్లి కులానికి సాక్షులు కావాలి.

రోహిత్ వేముల 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్నాక జరిగిందేమిటి? అతనెందుకు చనిపోయాడన్న ప్రశ్న పక్కకు పోయి, అతను ఎస్సీయా కాదా అన్నది ముందుకొచ్చింది. తండ్రి వడ్డెర. బట్టలు కుట్టి పిల్లల్ని పెంచిన రాధిక వేముల మాల. 2024లో పోలీసులు కేసు ముగిస్తూ అతను ఎస్సీ కాదన్నారు, నిరసనలు రేగాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి తన పెంపకానికి రుజువులు చూపించుకుంటూ తిరిగింది. దీన్ని కులవివక్షగా మనం బాగానే గుర్తించాం. పితృస్వామ్యం అని అంత గట్టిగా అన్నామా?

ఇంటిపేరునీ పురుడునీ వంటింటినీ కవిత్వం చేసిన తరం మనది. 'నీలిమేఘాలు' (1993) చదివి ఉద్వేగపడని వాళ్లెవరు? తహసీల్దారు ఆఫీసు దరఖాస్తు మాత్రం మనకు స్త్రీ సమస్యగా తోచలేదు. కారణం తేలికే. తల్లిదండ్రులిద్దరిదీ ఒకే కులమైన ఇళ్లలో నాన్న గడి నింపితే అమ్మదీ నిండినట్టే. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' (2003), తర్వాత 'నల్లరేగటి సాల్లు' (2006) వచ్చినప్పుడు వాటిని అనుభవాలుగా చదివాం, సిద్ధాంతంగా చదవలేదు. (అనుభవం వాళ్లది, సిద్ధాంతం మనది అనే ఈ పంపకం ఎవరు చేశారో!)

తల్లి కులం చెల్లాలంటే, దళిత తండ్రీ అగ్రకుల తల్లీ ఉన్న బిడ్డ సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. తండ్రిని లేపి ఆ కుర్చీలో తల్లిని కూర్చోబెట్టమని కాదు నేననేది. ఊరు ఆ బిడ్డను ఏ కులంగా చూసిందన్నది ఇద్దరి విషయంలోనూ ఒకేలా చూడాలి.

ఇప్పుడీ ప్రశ్న ఇంకా లోపలికి వచ్చింది. 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణను సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ఒప్పుకుంది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ 15 శాతాన్ని 1, 9, 5గా మూడు గ్రూపులకు పంచింది. మాదిగలు రెండో గ్రూపు, మాలలు మూడో గ్రూపు. మాదిగ తల్లి, మాల తండ్రి ఉన్న అమ్మాయి, తల్లి దగ్గరే పెరిగితే, ఎందులోకి వస్తుంది? వర్గీకరణ న్యాయమైనదనే నా అభిప్రాయం. అందుకే ఈ ప్రశ్నను దాని వ్యతిరేకుల చేతికివ్వకుండా, దరఖాస్తులో తల్లి కులానికీ ఒక గడి ఉండాలని మనమే అడగాలి. స్త్రీ అధ్యయన కేంద్రాలు ఆ పని ఈ అడ్మిషన్ల కాలంలోనే మొదలుపెట్టొచ్చు.