‘ఆయన’ నుండి ‘నీవు’ వరకు: తెలుగు క్రైస్తవ కీర్తనలలో లేఖన ప్రార్థన

క్రైస్తవ లేఖనములను తెలుగువారి యిండ్లలో రెండు విధముల వాడుచున్నారు. ఒకటి చదువుట, రెండవది పాడుట. ఈ రెంటికిని నడుమ మూడవది యొకటి కలదు. అది చదివిన వాక్యమునే తన మాటగా జేసికొని దేవునితో పలుకుట. దానిని లేఖన ప్రార్థన యనవచ్చును. క్రైస్తవ కీర్తనలను గూర్చి ముచ్చటించునప్పుడు రాగతాళములను, రచయితల జీవితములను తలచుట పరిపాటి. తెలుగు బోధించువాడను గనుక నేను వ్యాకరణము వైపునుండి వానిని చూడదలచితిని. దేవుని గూర్చి చెప్పు మాట దేవునితో చెప్పు మాటగా ఎప్పుడు మారును? ఆ మార్పునకు తెలుగు భాష యిచ్చిన రూపమేమి? ఇదియే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా ఒక చిన్న చరిత్రాంశము. తెలుగు లేఖనముల, కీర్తనల చరిత్రలో నేటి తెలుగు రాష్ట్రములకు వెలుపలనున్న ఊళ్లకు గొప్ప స్థానమున్నది. 18వ శతాబ్దిలో చెన్నపట్టణమున నివసించిన జర్మను మిషనరీ బెంజమిన్ షుల్జ్ బైబిలును తెనిగింప బూనెను. ఆ యనువాదము అచ్చునకు ఎక్కలేదు. 1805లో విశాఖపట్టణము చేరిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్‌లు ఆనందరాయరు తోడ్పాటుతో సువార్తలను తెనిగింపగా, 1812లో బంగాళమునందలి శ్రీరామపురమున మూడు సువార్తలు అచ్చయినవి. కీర్తనకారులలో అగ్రగణ్యుడగు పురుషోత్తమ చౌదరి (1803-1890) పర్లాకిమిడి ప్రాంతమువాడు. 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరినది. కావున ఈ సాహిత్యమును గూర్చి విచారించుట మనవంటి ప్రవాసాంధ్రులకు పరుల సొత్తును పరిశీలించుట కాదు. మన పెరటి చెట్టును మనము చూచుకొనుటయే.

ఇక ప్రస్తుతాంశమునకు వత్తము. దావీదు పేర వెలసిన 23వ కీర్తన మిక్కిలి ప్రసిద్ధము. అందున్నవి ఆరు వచనములే. మొదటి మూడింటిలో భక్తుడు దేవుని గూర్చి యితరులకు చెప్పుచున్నట్లుండును. దేవుడు కాపరి, ఆయన పచ్చిక చూపును, నీటి చెంతకు నడిపించును, ప్రాణము సేదదీర్చును. అంతయు ప్రథమ పురుషము. నాలుగవ వచనమున దారి చీకటి లోయలోనికి దిగును. అచ్చట ‘ఆయన’ మాయమై ‘నీవు’ వచ్చును. వెలుగున్నంతసేపు కాపరిని వర్ణించిన నోరు చీకటి క్రమ్మగానే కాపరిని పిలిచినది. ఐదవ వచనమునందును ‘నీవు’ నిలిచియే యుండును. ఆరవ వచనమున భక్తుడు మందిరము చేరి, మరల దేవుని పేరు పెట్టి నలుగురిలో చెప్పినట్లు ముగించును. లేఖన ప్రార్థన యెట్లు చేయవలెనో బోధించు పాఠము ఆ కీర్తనలోనే యిమిడి యున్నది.

ఈ పురుష వ్యత్యయము మూలమగు హెబ్రీ భాషలోనిదే. కాని తెలుగున దానికి మరియొక సొగసు చేకూరినది. మన ‘ఆయన’ గౌరవ వాచకము. ‘నీవు’ చనువు పలుకు. దూరముగా నున్నప్పుడు మర్యాదతో చెప్పి, దగ్గరకు వచ్చినప్పుడు మర్యాదను ప్రక్కకు నెట్టి పిలుచుట తెలుగువాని స్వభావము. పంతులుగారిని ‘మీరు’ అందుము. అమ్మను ‘నీవు’ అందుము. అమ్మ యెడ గౌరవము తక్కువయై కాదు, అమ్మకును మనకును నడుమ గౌరవమునకు చోటు చాలదు గనుక. తెలుగు బైబిలును చదువువాడు లోయలో అడుగిడినంతనే ఈ రెండవ వరుసకు మారుచున్నాడు.

తమిళ దేశమున నుండు మనకు ఈ భేదము మరింత స్పష్టముగా తోచును. తమిళులు తరతరములుగా చదువుకొనుచున్న బైబిలులో అదే నాలుగవ వచనమున దేవుని ‘దేవరీర్’ అని మిక్కిలి మన్ననతో సంబోధించిరి. ప్రభువు నేర్పిన ప్రార్థనయందును తమిళమున ‘మీ నామము’ అను భావము, తెలుగున ‘నీ నామము’ అను భావము గోచరించును. కన్నడము ఈ విషయమున మనతోడిదే. ఇందు ఎక్కువ తక్కువలు లేవు. రాజసభలో చేతులు జోడించి నిలుచువాని భక్తి యొకటి. తల్లి కొంగు పట్టుకొనువాని భక్తి మరియొకటి. అయితే గుడిలో తమిళమున ప్రార్థించి, యింట అవ్వ నోట తెలుగు కీర్తన వినుచు పెరుగు పిల్లవానికి ఈ రెండును దక్కుచున్నవి. ఒక భాష విడిచిన నాడు అతడు విడుచునది పదములను మాత్రమే కాదు, దేవునితో నున్న ఒక వరుసను.

తెలుగు కీర్తనకారులు ఈ ‘నీవు’ను ఎక్కడినుండియో అరువు తెచ్చుకొనలేదు. భద్రాచల రామదాసు రాముని నీవనియే పిలిచెను, నిష్ఠురములును ఆడెను. తమిళ దేశమున తిరువయ్యారునందుండి తెలుగున పాడిన త్యాగరాజు (1767-1847) సంబోధన మిట్టిదే. పురుషోత్తమ చౌదరి ఆ కీర్తన పద్ధతినే గైకొని, అందు క్రైస్తవ లేఖనార్థమును నిలిపెను. పల్లవి, అనుపల్లవి, చరణము అను కట్టడిని ఆయన వంటివారు చేపట్టుటచేత లేఖన ప్రార్థనకు రెండు మేళ్లు కలిగినవి.

మొదటిది సంబోధన వలన కలిగినది. ‘దేవుడు’ అను మాట సంబోధనమున ‘దేవా’ యగును. ‘తండ్రి’ ‘తండ్రీ’ యగును. తుదియచ్చు దీర్ఘమగుట మన వ్యాకరణ ధర్మము. ఆ దీర్ఘము గాయకునకు ఆలాపమునకు తావిచ్చును. పిలుపు ఎచ్చట నున్నదో రాగము నిలుచు చోటును అచ్చటనే యున్నది. కావున పాడువాడు దేవుని పిలిచినచోటనే ఆగి, ఆ పిలుపులో కొంతసేపు నిలుచుచున్నాడు. వచనమును గబగబ చదువువానికి ఈ నిలుకడ దొరకదు.

రెండవది పల్లవి వలన కలిగినది. చరణములు లేఖనము నందలి సంగతులను ఒక్కొక్కటిగ చెప్పుచు ముందునకు సాగును. ప్రతి చరణాంతమున పల్లవి వచ్చి పాడువానిని మొదటి వేడుకోలునకు మరలించును. సంగతి మారినను వేడుకోలు మారదు. మన పెద్దలు మననమనిన దిదియే.

ఇట్లని ఈ కీర్తనలయందు లోపములు లేవనుట విమర్శ కాజాలదు. పాశ్చాత్య బాణీలకు సరిపెట్టిన అనువాద గీతములలో తెలుగు మాట తరచుగ నలిగినది. ఆంగ్ల కీర్తన అక్షరముల సంఖ్యపై, ఊనికపై నడచును. తెలుగు మాత్రలపై నడచును. బాణీ కొఱకు హ్రస్వమును సాగదీసినచో ‘కల’ ‘కాల’ యగును, ‘పడి’ ‘పాడి’ యగును. అర్థము చెడిన ప్రార్థన నోటికి పాటయేగాని మనసునకు మాట కాదు. దేశీయ కీర్తనలలోను సంస్కృత సమాసములు దట్టమై, చదువురాని అవ్వ నోట పదము విరిగిన చోట్లు కలవు.

దీనికంటె పెద్ద లోపము వేరొకటి. బైబిలునందలి 150 కీర్తనలలో మొరలు, ఫిర్యాదులు విస్తారముగా నున్నవి. 88వ కీర్తన యెట్టి ఓదార్పును లేక చీకటిలోనే ముగియును. మన పాటలు స్తుతిని, కృతజ్ఞతను, పశ్చాత్తాపమును సమృద్ధిగా గైకొన్నవి గాని, ఈ మొరలకు ఆ పాటి చోటీయలేదని నా అభిప్రాయము. దుఃఖమున నున్నవాడు పాటల పుస్తకము కంటె కీర్తనల గ్రంథమునే తెరువవలసి వచ్చుచున్నది. అది అనువాద వచనమే యైనను నష్టము లేదు. హెబ్రీ కవిత్వమున ఒక భావమును రెండు సగములుగ జెప్పు పద్ధతి కలదని 1753లో ప్రకటితమైన తన ఉపన్యాసములలో రాబర్ట్ లౌత్ వివరించెను. ఆ భావలయ ఛందస్సుపై ఆధారపడదు గనుక అనువాదమునను నిలిచియుండును. మొదటి సగము పలికి, ఊపిరి తీసికొని, రెండవ సగము పలికినచో వచనమే ప్రార్థనయై నడచును.

ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పవలసి యున్నది. ‘ఆయన’ ఉన్న ప్రతిచోటను ‘నీవు’ పెట్టిన చాలునని తలపరాదు. లేఖనమున దేవుడే ‘నేను’ అని పలుకు చోట్లు కలవు. 91వ కీర్తన కడపటి మూడు వచనములట్టివి. అచ్చట భక్తుడు పలుకువాడు కాడు, వినువాడు. ఆ ‘నేను’ను తన నోట పెట్టుకొనుట పొరపాటు. ఎవరు ఎవరితో పలుకుచున్నారో తెలిసికొనుట వ్యాకరణపు పనియే. భక్తికి వ్యాకరణముతో పనిలేదనుట సరికాదు.

ఇంతవరకు చెప్పినదంతయు మాట స్పష్టముగ తెలిసినవానికే పనికివచ్చును. మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు బాలిక యొకతె తన అవ్వ పాడు కీర్తనలను నోటు పుస్తకమున తమిళ లిపిలో వ్రాసికొని తెచ్చినది. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరము. త, థ, ద, ధలకును ఒకటే. అందుచేత ‘దాత’ను ఆమె ‘తాత’ అని చదివినది. అర్థమడిగితిని. ‘దేవుడు మనకు తాత అండీ’ అన్నది. తరగతి నవ్వినది, నేనును నవ్వితిని. మరుసటి పుటలో ‘గానము’ ‘కానము’ అయినది. ‘భారము’ ‘పారము’ అయినది. అప్పుడు నాకు నవ్వు రాలేదు. పాటయనవలసిన చోట ‘చూడము’ అనియు, బరువనవలసిన చోట ‘ఒడ్డు’ అనియు ఆ బిడ్డ ప్రార్థించుచున్నది. రాగము తప్పలేదు, తాళము తప్పలేదు. దేవునితో చెప్పదలచిన మాట మాత్రము దారి తప్పినది.

తప్పు బిడ్డది కాదు. తమిళనాట 2006లో తమిళ అధ్యయన చట్టము వచ్చిన పిదప తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైనది. ఉన్న నాటి భాష నేర్చుట న్యాయమే, దానితో మనకు పేచీ లేదు. ఇంటి భాషకు అక్షరమిచ్చు పనిని మాత్రము ఇల్లును, సంఘమును పంచుకొనవలసి యున్నది. కీర్తనల పుస్తకపు సామాన్య ప్రతులలో ప్రతి కీర్తనకు నెత్తిన రాగతాళముల పేర్లే యుండును, స్వరముండదు. పుస్తకము మాటను దాచినది; అవ్వ గొంతు బాణీని దాచినది. అవ్వకు అక్షరము రాదు, మనుమరాలికి తెలుగక్షరము రాదు. పుస్తకము ఇంట నుండియు మూతపడియే యున్నది.

ఆ బాలికకు నేను ఆ నోటు పుస్తకమునే వాచకముగ జేసితిని. ఒక్కొక్క కీర్తనను అవ్వ పాడగా విని తెలుగున వ్రాసికొని రమ్మంటిని. నాలుగు మాసములలో ఆమె పదునొకండు కీర్తనలు వ్రాసినది. పదునొకండవ దానిలో ‘దాత’ ‘దాత’గనే యున్నది. అవ్వకు చదివి వినిపించినదట. ‘ఇన్నాళ్లు నేను పాడినది ఇదియేనా’ అని ఆమె ఆ పుటను చేత్తో తడిమి చూచినదట.

137వ కీర్తనలో చెరపట్టబడిన జనులు పరదేశమున ఎట్లు పాడుదుమని వాపోవుదురు. మనము చెరలో నున్నవారము కాము. శతాబ్దులుగా ఈ నేలనే దున్ని, ఇచ్చటనే ఇండ్లు కట్టుకొన్న వారము. ఇది మనకు పరదేశము కాదు. కావున ఆ ప్రశ్న మనకు వేరు రూపమున వచ్చుచున్నది. పాడుట యెట్లని కాదు, పాడినది తెలిసి పాడుట యెట్లని. దానికి సమాధానము రాగతాళములలో లేదు. పలకమీద ద, ధ అను రెండక్షరములు వేరువేరుగ వ్రాయించుటలో నున్నది. ఈ పనిని ఆయా సంఘములును, గుడులును, తెలుగు ఉపాధ్యాయులును కలసి చేపట్టుదురుగాక యని విన్నవించుచు ఈ వ్యాసమును ముగించుచున్నాను.